బయానా కట్టి, రిజిస్ట్రేషన్‌కు ముందే ప్లాటు వేరేవాళ్లకు అమ్మొచ్చా?

సందేహం: మాది షాద్‌నగర్ దగ్గర ఒక పల్లె. ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను, చేతిలో మూడు లక్షలున్నాయి. అమెరికాలో ఉన్న మా బావ అక్కడి 'హోల్‌సేలింగ్' గురించి చెప్పాడు. ఆస్తి కొనకుండానే యజమానితో ఒప్పందం రాసుకుని, దాన్ని ఎక్కువ ధరకు ఇంకొకరికి ఇచ్చేసి మధ్యలో లాభం తీసుకుంటారట. మా దగ్గర ఒకాయన 300 గజాల ప్లాటును గజం 12 వేల చొప్పున 36 లక్షలకు ఇస్తానంటున్నారు. రెండు లక్షలు బయానా ఇచ్చి 90 రోజుల గడువు పెట్టుకుందామనుకుంటున్నాను. ఈలోగా గజం 14 వేలకు పార్టీని చూసి, యజమాని చేతనే నేరుగా వాళ్ల పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తాను. ఇది చట్టప్రకారం తప్పా? పార్టీ దొరక్కపోతే నా బయానా పోతుందా?

జవాబు: తప్పు కాదు. అగ్రిమెంట్ మీద మారుబేరం మన దగ్గర కొత్త కూడా కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ కాకముందే రెండు మూడు చేతులు మారే ప్లాట్లు ఎన్నో ఉన్నాయి. అయితే మీ బావగారు చెప్పిన పద్ధతి ఉన్నదున్నట్టు ఇక్కడ నడవదు. అమెరికాలో కొనుగోలు ఒప్పందం చేసుకున్నవారికి ఆ ఆస్తిలో ఒక రకమైన హక్కు పుడుతుందని కోర్టులు గుర్తిస్తాయి. వాళ్లు అమ్మేది ఆ హక్కునే. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో అయితే, తన దగ్గరున్నది అలాంటి హక్కు మాత్రమేనని కొనేవారికి ముందే చెప్పి తీరాలి. మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దారి వేరు. అమ్మకపు ఒప్పందం తనంతట తానుగా ఆస్తిలో ఏ హక్కూ కల్పించదని 54వ సెక్షన్ తేల్చి చెబుతుంది. అంటే రెండు లక్షలు ఇచ్చి సంతకాలు పెట్టుకున్నాక కూడా ఆ 300 గజాల్లో ఒక్క గజం మీది కాదు. ఒప్పుకున్న ధరకు రాసి ఇవ్వమని యజమానిని అడిగే హక్కు మాత్రమే మీది. మీరు అమ్మగలిగిందీ అదే.

ఆ హక్కును బదిలీ చేయకూడదని ఒప్పందంలో లేకపోతే మామూలుగా ఇంకొకరికి ఇవ్వొచ్చు. మిగతా డబ్బు కట్టే బాధ్యతను మాత్రం యజమాని ఒప్పుకోకుండా కొత్త పార్టీ మీదకు నెట్టేయలేరు. అందుకే మన అగ్రిమెంట్లలో 'నా పేర గానీ, నేను కోరినవారి పేర గానీ రిజిస్టర్ చేసి ఇవ్వగలరు' అని రాస్తారు. మీ వ్యవహారమంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడుతుంది. అది లేని అగ్రిమెంట్ మీద ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కాగితంలో రాయించడమే కాదు, మీరు ఇంకొకరికి అమ్మబోతున్నారని యజమానికి నోటితో కూడా చెప్పండి. రిజిస్ట్రేషన్ నాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చున్నాక, కొనేవాళ్లు 42 లక్షలు ఇస్తున్నారని అప్పుడే తెలిసి సంతకం పెట్టనని లేచిపోయే యజమానులుంటారు. అప్పుడు మీరు రెండు వైపులా ఇరుక్కుంటారు.

మీ ప్లాన్‌లో నాకు ఎక్కువ టెన్షన్ కలిగించేది మీ చేతిలో డబ్బు లేకపోవడం. రెండో నెలలో అక్కడ ధర పెరిగి, యజమాని ఇవ్వనన్నాడనుకుందాం. మీరు కోర్టుకు వెళ్లి, ఒప్పందం ప్రకారం రిజిస్టర్ చేయించమని దావా వేయొచ్చు. ఒప్పందం తేదీ నుంచి కాదు, గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి. నిర్దిష్ట పరిహార చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి దావాల్లో డిక్రీ ఇవ్వడం కోర్టు ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన విషయం కాదు కూడా. కానీ అదే చట్టం 16వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. మొదటి నుంచీ మీరు మీ వంతు నెరవేర్చడానికి సిద్ధంగా ఉన్నారని, ఆ స్తోమత కూడా ఉందని రుజువు చేయాలి. 34 లక్షలు సంచిలో పట్టుకుని తిరగనక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంటో, లోన్ మంజూరు లెటరో, ఫలానా చోట నుంచి డబ్బు వస్తుందనే నమ్మదగ్గ ఆధారమో చూపాలి. మూడు లక్షల పొదుపుతో మీరు చూపగలిగేది ఏముంటుంది? పెట్టుబడి అక్కర్లేదని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. చిన్న జీతగాళ్లు కూడబెట్టుకున్న డబ్బు ఇక్కడే పోతుంది. పార్టీ దొరికాక బయానా ఇవ్వడం, లేదా డబ్బున్న స్నేహితుణ్ని మొదటే అగ్రిమెంట్‌లో కలుపుకోవడం మీకు మేలు.

ఇక పార్టీ దొరక్కపోతే. మాట తప్పింది మీరే కాబట్టి, అగ్రిమెంట్‌లో ఆ షరతు స్పష్టంగా ఉంటే బయానా జప్తు చేసుకునే హక్కు యజమానికి ఉంటుంది. ఒప్పందానికి హామీగా ఇచ్చిన బయానా వేరు, ధరలో భాగంగా ఇచ్చిన అడ్వాన్స్ వేరు. అడ్వాన్స్‌ను అంత తేలిగ్గా ఉంచేసుకోలేరు. జప్తు చేయాలంటే షరతు సూటిగా రాసి ఉండాలని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. బయానాతో ఆగకుండా నష్టపరిహారం కూడా కట్టమని యజమాని అడిగే అవకాశం ఉంది. కాబట్టి 'గడువులోగా కొనలేకపోతే నా నష్టం బయానా వరకే, అంతకుమించి ఏ క్లెయిమూ లేదు' అని తప్పకుండా రాయించుకోండి. టైటిల్‌లో లోపం బయటపడితే మొత్తం వాపసు ఇవ్వాలని కూడా రాయించండి.

కాగితం సంగతి. రిజిస్ట్రేషన్ చట్టానికి 1999లో ఉమ్మడి రాష్ట్రం చేసిన సవరణ వల్ల అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌ను కూడా రిజిస్టర్ చేయించాలి. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించడం దానికి సాటిరాదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌ను కూడా, రిజిస్టర్ చేయించమని వేసిన దావాలో సాక్ష్యంగా తీసుకోవడానికి చట్టంలో వీలుంది. కానీ రిజిస్టర్ చేయిస్తే ఈసీలో (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కనబడుతుంది. యజమాని మీకు తెలియకుండా మరొకరికి అమ్మినా, ఒప్పందం సంగతి మాకు తెలియదని ఆ కొన్నవాళ్లు తప్పించుకోలేరు. అగ్రిమెంట్ బదులు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తాం, దానితో మీరే అమ్ముకోండి అంటే ఒప్పుకోవద్దు. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, పైగా దాన్ని చూసి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

బయానా ఇచ్చే ముందే లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ చూడండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, లేఅవుట్‌కు అనుమతి ఉందా, లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) అయిందా తేల్చుకోండి. వారసత్వపు ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు కూడా కావాలి. వీటిలో ఏది తేడా వచ్చినా మీ 90 రోజులు అక్కడే గడిచిపోతాయి.

రిజిస్ట్రేషన్ నాడు మీరు కూడా సమ్మతిదారుగా దస్తావేజులో సంతకం పెట్టండి. ధర 42 లక్షలనీ, అందులో 36 యజమానికి, 6 మీకు అందాయనీ రాయించండి. పై డబ్బు క్యాష్‌లో తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. యజమానికి ఇచ్చే బయానాకూ ఇదే లెక్క. మీకు మిగిలిన ఆరు లక్షలను ఆదాయపు పన్ను రిటర్నులో చూపాలి.

పార్టీలతో మాట్లాడేటప్పుడు 'ప్లాటు నాదే' అనొద్దు. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టినా 'అగ్రిమెంట్ నా దగ్గరుంది' అనే రాయండి. యజమానినని నమ్మించి డబ్బు తీసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు అవుతుంది.

మీ స్థితిలో ఉన్నవారికి నేను ముందుగా చెప్పేది కమిషన్ దారి. బయానా రిస్కు ఉండదు, యజమాని దగ్గర కమిషన్ ఎంతో కాగితం మీద రాయించుకుంటే చాలు. ఈ ప్లాటులాంటి విడి ఆస్తికి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ అవసరం రాదు. రెరాలో నమోదైన వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెట్టాలంటే మాత్రం ముందు మీరు ఏజెంటుగా నమోదు కావాలి. కాకుండా అమ్మితే రోజుకు 10 వేల చొప్పున, ఆ ప్లాటు ధరలో 5 శాతం దాకా జరిమానా వేయొచ్చు.