డాక్టర్ సలహా: మెరీనా సంగతి తర్వాత, ముందు ఆ మచ్చ చూపించండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా వారికి 38 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం బైకు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. రిపోర్టులో డీ5 అని రాశారు. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు, వీల్‌చైర్‌లోనే ఉంటారు. క్యాథెటర్ తనే పెట్టుకుని యూరిన్ తీసుకుంటారు. కండరాలు బిగుసుకుపోకుండా రోజూ బాక్లోఫెన్, రాత్రి టిజానిడిన్ వాడతారు. ప్రమాదం తర్వాత ఊరు దాటింది లేదు. డిసెంబరు ఆఖరి వారంలో పిల్లల్ని తీసుకుని కారులో తిరుమల, చెన్నై, మహాబలిపురం వెళ్దామనుకుంటున్నాం. మెరీనా ఇసుకలో వీల్‌చైర్ వెళ్తుందా? కారు మంచిదా, రైలా, విమానమా? రైల్లో రాయితీ ఎంత? దారిలో బాత్‌రూమ్ ఇబ్బంది రాకుండా ముందురోజు నుంచే నీళ్ళు తగ్గిస్తాం. పోయినసారి యూరిన్ ఇన్ఫెక్షన్‌కు ఇచ్చిన సిప్రోఫ్లోక్సాసిన్ సగం స్ట్రిప్ మిగిలితే అదీ బ్యాగులో పెట్టాను. కూర్చునే చోట పది రోజులుగా చిన్న మచ్చ ఉంది, నొప్పేమీ లేదు, పౌడర్ వేస్తున్నాం. కారులో ఎక్కువసేపు కూర్చుంటే ఒక్కోసారి తలనొప్పి వచ్చి మొహం నిండా చెమటలు పడతాయి, మాత్ర వేసి పడుకోబెడతాం. ఇవి తప్ప ఆరోగ్యం బాగానే ఉంది.
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు అడిగినవి మెరీనా, బండి, రాయితీ. వాటికి చివర్లో నాలుగు మాటలు చెప్తాను. నేను ఆగిపోయింది మాత్రం మీరు ప్రశ్నగా కూడా రాయని చోట. ఆ మచ్చ, ఆ తలనొప్పి, ఆ సగం స్ట్రిప్. ‘ఇవి తప్ప ఆరోగ్యం బాగానే ఉంది’ అని రాశారు. ఈ మూడూ పక్కన పెడితే ఇక చూడాల్సింది ఏముందమ్మా? మనిషిని చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇందులో ప్రతి మాటనూ మీ డాక్టరు దగ్గర ఒకసారి సరిచూసుకోండి.

ముందు మచ్చ. ఛాతీ కింద స్పర్శే లేని మనిషికి అక్కడ నొప్పి ఎలా తెలుస్తుంది? ఆయన విషయంలో ‘నొప్పి లేదు’ అన్న మాటతో ధైర్యం తెచ్చుకోవడానికి లేదు. ఒత్తిడి వల్ల వచ్చిన మామూలు ఎరుపైతే ఆ భాగం మీద బరువు తీసేశాక కాసేపటికి పోవాలి. పది రోజులుగా ఉందంటే నేను దాన్ని బెడ్‌సోర్ మొదటి దశగానే అనుమానిస్తాను. వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి. నొక్కిన చోట రంగు తేలికపడకుండా అలాగే ఉంటే అది మామూలు మచ్చ కాదు. మన చర్మం రంగుకు ఎరుపు సరిగ్గా కనపడదు, కాబట్టి చుట్టుపక్కల కంటే నల్లగానో ఊదాగానో ఉందా, చేత్తో తాకితే వెచ్చగా, గట్టిగా లేదా మెత్తగా తగులుతోందా అన్నది చూడాలి. పిరుదుల కింద కూర్చునే ఎముకల దగ్గర వచ్చే పుండు పైకి రూపాయి బిళ్ళంతే కనపడినా, లోపల బత్తాయంత గొయ్యి ఉండొచ్చు. అలాంటివి మానడానికి నెలలు పడతాయి, కొందరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

పౌడర్ ఈరోజే ఆపండి. కొబ్బరినూనె పెట్టి మర్దనా కూడా వద్దు, నలిగిన కణాలను ఇంకా నలిపినట్టవుతుంది. మందుల షాపులో అమ్మే గాలి నింపే రబ్బరు రింగు కొని అందులో కూర్చోబెట్టకండి. మధ్యలో ఖాళీ ఉందని హాయిగా అనిపిస్తుంది కానీ రింగు అంచు చుట్టూ రక్తం ఆడకుండా చేస్తుంది. దీనికి మందు ఒక్కటే, ఆ చోటు మీద బరువు పడకుండా చూడడం. పక్కకు తిరిగి, వీలైతే బోర్లా పడుకోవాలి. మచ్చ పోయేదాకా కుర్చీలో కూర్చోవడం ఎంత తగ్గిస్తే అంత మంచిది. రోజూ ఒకే వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి, పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది, డాక్టరుకు చూపించడానికీ పనికొస్తుంది. చర్మం చిట్లినా, నీరు కారినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఈ మచ్చతో తిరుపతి దాకా కారులో వెళ్ళడానికి నేనైతే ఒప్పుకోను. మారతహళ్ళి నుంచి కేఆర్ పురం దాటేసరికే ఎంతసేపు పడుతుందో మీకు తెలియంది కాదు.

ఇక తలనొప్పి. నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. వెన్నుపాము డీ6 దగ్గర గానీ, అంతకంటే పైన గానీ దెబ్బతిన్నవాళ్ళకు ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే ప్రమాదం ఉంటుంది. డీ అంటే ఛాతీ వెనక వెన్నుపూసలు, పైనుంచి కిందికి లెక్క. మీ వారిది డీ5, అంటే డీ6 కంటే పైనే. కింద ఎక్కడో ఇబ్బంది ఉంటుంది, మెదడుకు ఆ కబురు అందదు, శరీరం మాత్రం బీపీ ఒక్కసారిగా పెంచేస్తుంది. తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడడం, దెబ్బ తగిలిన చోటికి పైన చెమటలు, ముక్కు దిబ్బడ, గుండె నెమ్మదిగా కొట్టుకోవడం దీని లక్షణాలు. ఎక్కువసార్లు కారణం నిండిపోయిన మూత్రాశయం. మలబద్ధకం, బిగుతు బెల్టు, కాలి గోరు లోపలికి పెరగడం, మీరు పౌడర్ వేస్తున్న ఆ మచ్చ కూడా కారణం కావచ్చు. పట్టించుకోకపోతే ఫిట్స్, పక్షవాతం దాకా పోవచ్చు.

మీరేమో మాత్ర వేసి పడుకోబెడుతున్నారు. తప్పు మీది కాదు, ఎవరూ చెప్పి ఉండరు. ఇకనుంచి మాత్రం పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి వేలాడేలా ఉంచి, బెల్టు, సాక్సులు, ప్యాంటు బొత్తాలు వదులు చేయండి. వెంటనే క్యాథెటర్ పెట్టి యూరిన్ తీయాలి. బీపీ మెషీన్ ఒకటి వెంట ఉండాలి, రెండు మూడు నిమిషాలకోసారి చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇలాంటి గాయం ఉన్నవాళ్ళ మామూలు పై బీపీ చాలామందిలో 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. మెషీన్ 140 చూపిస్తే పక్కవాళ్ళు ‘అబ్బే, పెద్ద ఎక్కువేం కాదు’ అంటారు. ఆయనకు అది చాలా ఎక్కువ. కాబట్టి ఇంట్లో బాగున్నప్పుడు ఓ వారం రోజులు బీపీ చూసి రాసిపెట్టండి. దానికి 20 నుంచి 40 దాకా పెరిగి, పైన చెప్పిన లక్షణాలు కూడా ఉంటే అనుమానించాలి. యూరిన్ తీసినా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళండి. బీపీ తగ్గించే మాత్రలు మీ అంతట మీరు వేయొద్దు. ఇంకో మాట, అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్, టాడాలాఫిల్ లాంటి మాత్రలు ఎప్పుడైనా వాడుతుంటే అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి. అవి ఒంట్లో ఉండగా, బీపీ దించడానికి అక్కడ ఇచ్చే నైట్రేట్ మందు పడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. భార్యాభర్తలు సిగ్గుపడి దాచే విషయం ఇది, అందుకే పేర్లతో సహా రాస్తున్నాను.

చిన్న ఊళ్ళో డ్యూటీ డాక్టరుకు ఈ సమస్య ఎదురుపడి ఉండకపోవచ్చు. మీ డాక్టరు చేత ఒక పేజీ ఉత్తరం రాయించుకోండి. గాయం ఏ స్థాయిలో ఉంది, మామూలు బీపీ ఎంత, వాడే మందులేమిటి, డిస్‌రిఫ్లెక్సియా వస్తే ఏం చేయాలి, ఇవి అందులో ఉండాలి. ఒక కాపీ వీల్‌చైర్ సంచిలో, ఒకటి మీ ఫోనులో.

ఇప్పుడు ఆ సగం స్ట్రిప్. కొంచెం కోపంగానే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. సగం మిగిలిందంటే పోయినసారి కోర్సు మధ్యలో ఆపేశారని అర్థం, డాక్టరే ఆపమని ఉంటే తప్ప. అది ఒకటి. రెండోది, ఆయన రాత్రి వేసుకునేది టిజానిడిన్. సిప్రోఫ్లోక్సాసిన్, టిజానిడిన్ కలిపి వాడకూడదు. సిప్రో పడితే రక్తంలో టిజానిడిన్ చాలా రెట్లు పెరిగి, బీపీ పడిపోయి, లేపినా లేవనంత మత్తు కమ్మవచ్చు. హోటల్ గదిలో అర్ధరాత్రి అలా జరిగితే పగలంతా తిరిగి అలిసి నిద్రపోయారనే అనుకుంటారు మీరు. పోయినసారి రాసిన డాక్టరుకు టిజానిడిన్ సంగతి చెప్పారో లేదో నాకు తెలియదు. ఈసారి తప్పక చెప్పండి, చీటీలో రాయించుకోండి.

పైగా క్యాథెటర్ వాడేవాళ్ళ యూరిన్‌లో బ్యాక్టీరియా ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. కాస్త మసకగా ఉన్నా, వాసన వచ్చినా ప్రతిసారీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. జ్వరం, చలి, బిగుసుకుపోవడం ఎక్కువవడం, ఒకసారి క్యాథెటర్ పెట్టాక మళ్ళీ పెట్టేలోపే యూరిన్ లీకవడం, మళ్ళీ అదే తలనొప్పి, ఇలాంటివి కనిపిస్తే పరీక్ష చేయించి, ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్‌కు ఇచ్చి, అప్పుడు మందు మొదలుపెట్టాలి. మా ఓపీకి వచ్చేవాళ్ళలో ‘షాపులో అడిగితే ఇచ్చాడు’ అనేవాళ్ళు తక్కువేమీ కాదు. షాపువాడికి మీ వారి టిజానిడిన్ సంగతి ఏం తెలుసు? ఇదే ధోరణిలో ప్రయాణానికి ముందు ‘కడుపు ఖాళీ అయితే నిశ్చింత’ అని విరేచనాల మందు వేస్తారు కొందరు. అదీ చేయకండి. ఇంట్లో ఏ వేళకు అలవాటో ఆ వేళకే అక్కడా జరిగేలా చూసుకోండి. బాక్లోఫెన్ మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు, హఠాత్తుగా ఆపేస్తే బిగుసుకుపోవడం, జ్వరం, ఫిట్స్ రావచ్చు. మందులన్నీ చేతి బ్యాగులోనే, ఉండే రోజులకంటే నాలుగైదు రోజులకు ఎక్కువే పెట్టుకోండి.

నీళ్ళు తగ్గించే ఆలోచన కూడా మానేయండి. తగ్గిస్తే యూరిన్ చిక్కబడి ఇన్ఫెక్షన్, రాళ్ళు, మలబద్ధకం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. డాక్టరు వేరే లెక్క చెప్పకపోతే రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగాలి, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి క్యాథెటర్ పెట్టాలి. ఒక్కోసారి తీసేది 400, 500 మిల్లీలీటర్లు దాటకుండా చూడాలి. దాటుతుంటే వేళలు దగ్గర చేయాలి. నీళ్ళు ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా తాగితే లెక్క కుదురుతుంది.

మీరు అడిగినవాటికి వద్దాం. నా ఓటు రైలుకు. సెకండ్ ఏసీలో కింది బెర్తు దొరికితే పడుకునే వెళ్ళొచ్చు, కర్టెన్ ఉంటుంది కాబట్టి క్యాథెటర్‌కు టాయిలెట్ వెతుక్కోనక్కర్లేదు. తోడు లేకుండా ప్రయాణించలేని వీల్‌చైర్ ప్రయాణికులకు స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో 50 శాతం రాయితీ ఉంది, వెంట ఉన్న ఒకరికి కూడా. దానికి రైల్వే ఇచ్చే దివ్యాంగుల కార్డు ముందే తీసుకోవాలి, టికెట్ కొనే రోజు పరిగెత్తితే రాదు. రైలెక్కించేటప్పుడు చంకల కింద పట్టి ఈడ్వనివ్వకండి, ఇద్దరు ఎత్తాలి. స్పర్శ లేని కాళ్ళలో ఎముకలు పలచబడి ఉంటాయి. ఎత్తిదింపాక ఒక కాలు మాత్రమే వాస్తే బెణికిందని నూనె రాయకండి. విరిగి ఉండొచ్చు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

విమానమైతే 48 గంటల ముందే సంస్థకు చెప్పాలి. సొంత వీల్‌చైర్‌కు లగేజీ రుసుం ఉండదు. వైకల్యం ఉందన్న కారణంతో ‘ఎక్కించుకోం’ అనడం కుదరదని 2022లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనను గట్టిగా మార్చింది. కుర్చీ లగేజీలోకి పోయినా దాని కుషన్ మాత్రం చేతిలోనే ఉంచుకుని, విమానం సీటు మీద వేసి కూర్చోబెట్టండి. కారులోనే వెళ్ళక తప్పకపోతే గంటకోసారి ఆపి, ముందుకు వంచి రెండు నిమిషాలు బరువు తీయించండి. వీల్‌చైర్‌లో ఉన్నప్పుడు అయితే 15 నుంచి 30 నిమిషాలకోసారి. దారిలో కొన్న వేడి కాఫీ గ్లాసు ఒళ్ళో పెట్టుకోవద్దని చెప్పండి, తొడ కాలినా తెలియదు.

మెరీనాలో వివేకానందర్ ఇల్లం ఎదురుగా ఇసుక మీద నీళ్ళ దగ్గరి దాకా చెక్క దారి ఉంది. 2022 నవంబరులో తెరిచారు, మరుసటి నెలలోనే మాండూస్ తుపానుకు దెబ్బతింటే బాగుచేశారు. డిసెంబరు ఇంకా వానలు, తుపాన్ల నెలే కాబట్టి వెళ్ళేముందు కనుక్కోండి. ఎండ ఎక్కువ ఉన్నప్పుడు వద్దు, ఆయనకు ఛాతీ కింద చెమట పట్టదు, ఒంటి వేడి దిగదు. సాయంత్రం వెళ్ళండి, నీళ్ళు చల్లే స్ప్రే బాటిల్ పెట్టుకోండి. మహాబలిపురంలో రాళ్ళూ ఇసుకా ఎక్కువ, అక్కడ ఆయన చూడగలిగింది చూసి వచ్చేయండి, ఎత్తుకెళ్ళే ప్రయత్నం చేయకండి.

తిరుమలకు దివ్యాంగుల దర్శనం కోటా ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. వైకుంఠ ఏకాదశి చాలా ఏళ్ళు డిసెంబరు ఆఖరు, జనవరి మొదట్లోనే పడుతుంది, వైకుంఠ ద్వారం తెరిచి ఉంచే ఆ పది రోజులూ ఇలాంటి ప్రత్యేక దర్శనాలు సాధారణంగా ఆపేస్తారు. చెప్పులు లేని పాదాలు ఎండకు కాగిన ఫుట్‌రెస్ట్ మీద ఉంటే బొబ్బలెక్కుతాయి, మధ్యలో మందపాటి గుడ్డ వేయండి.

మూడేళ్ళుగా ఊరు దాటలేదన్నారు, ఆయన తప్పకుండా వెళ్ళాలి, పిల్లలతోనే వెళ్ళాలి. అయితే ఈ వారమే మచ్చ చూపించండి, తలనొప్పి సంగతి చెప్పండి, టిజానిడిన్ ఉందని గుర్తుచేయండి. మచ్చ పూర్తిగా పోయాక కూర్చునే సమయం రోజుకు కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతిసారీ చర్మం చూస్తూ ఓ వారం గడపండి. డిసెంబరుకు అది కుదరకపోతే జనవరి ఆఖరుకో ఫిబ్రవరికో జరపండి, అప్పటికి చెన్నైలో వానలూ తగ్గుతాయి, తిరుమలలో ఆ రద్దీ ఉండదు. హోటల్ బుకింగ్ రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే రకమో కాదో ఈరోజే చూసుకోండి.