"చెయ్యకపోతే ఎందుకు ఒప్పుకుంటారు" అంటారు మావారు, బాబుకేమో నిద్ర పట్టట్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము న్యూజెర్సీలో ఉంటాం. మా బాబుకి 15 ఏళ్ళు, వయసుకి మించిన పొడుగు, చామనఛాయ, చూసినవాళ్ళు కాలేజీ కుర్రాడనుకుంటారు. స్కూల్లో సెంట్రల్ పార్క్ కేసు మీద ప్రాజెక్ట్ ఇచ్చారు, అప్పట్నుంచి రాత్రి రెండైనా పడుకోడు, గుండె దడ అంటాడు, సాయంత్రం ఒక్కడూ బయటికెళ్ళడం మానేశాడు. భోజనాల దగ్గర ఆ మాటొస్తే మావారు "చెయ్యకపోతే ఎందుకు ఒప్పుకుంటారు, ఏదో చేసే ఉంటారు" అంటారు, వీడు కంచం వదిలేసి లేచిపోతాడు. నిద్రమాత్ర ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మా, నిద్రమాత్ర వద్దు, నిద్ర కోసం వాడే మెలటోనిన్ కూడా మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. బాబుది భయం, ఆ భయానికి కారణం ఉంది, అది ముందు మీవారికి అర్థమవ్వాలి.

1989 ఏప్రిల్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జాగింగ్‌కెళ్ళిన 28 ఏళ్ళ అమ్మాయిని ఎవరో చావగొట్టి అత్యాచారం చేశారు, పోలీసులు నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు అయిదుగురిని పట్టుకున్నారు, అందరూ 14 నుంచి 16 ఏళ్ళ వాళ్ళే. పేపర్లు తోడేళ్ళ గుంపు అని రాశాయి, డొనాల్డ్ ట్రంప్ అయితే మరణశిక్ష మళ్ళీ తేవాలని ఫుల్ పేజీ యాడ్లు వేయించాడు, ఇదంతా విచారణ మొదలవకముందే. దొరికిన డీఎన్ఏ ఆ పిల్లల్లో ఒక్కడితో కూడా కలవలేదు, అయినా పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నారని శిక్ష పడింది. 2002లో మాటియాస్ రేయస్ అనేవాడు నేనే చేశానన్నాడు, డీఎన్ఏ వాడిదే, అప్పుడు గానీ తీర్పు కొట్టెయ్యలేదు.

మరి ఎందుకు ఒప్పుకున్నారంటే, ఇది నా సబ్జెక్ట్ కాబట్టి గట్టిగానే చెప్తాను. తొందరపాటుకి బ్రేక్ వేసే, తర్వాత ఏమవుద్దో ఆలోచించే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ళ దాకా పడుతుంది, ఒళ్ళు మాత్రం 15కే పెద్దాడిలా కనపడుద్ది. అలాంటి పిల్లాడిని రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోబెట్టి గంటల తరబడి అడిగితే వాడికి కావాల్సింది ఒక్కటే, ఇంటికెళ్ళిపోవడం, దానికోసం ఏం చెప్పమంటే అది చెప్తాడు. కోరీ వైజ్ అనే పిల్లాడి పేరు అసలు పోలీసుల లిస్టులోనే లేదు, ఫ్రెండ్‌కి తోడుగా స్టేషన్‌కెళ్ళాడు అంతే, కానీ 16 నిండాయి కదా, తల్లిదండ్రులు లేకుండానే ప్రశ్నించారు, పెద్దవాళ్ళతో పాటు జైల్లో వేశారు, అయిదుగురిలో ఎక్కువ ఏళ్ళు లోపల ఉన్నది వాడే.

రంగు చూసి వయసు పెంచేయడం మీద పరిశోధన కూడా ఉందమ్మా. 2014లో అమెరికాలో ఒక స్టడీ వచ్చింది, ఫోటో చూపించి ఈ పిల్లాడి మీద ఫలానా నేరం అనుమానం ఉంది అని చెప్తే, నల్లజాతి పిల్లల్ని ఉన్న వయసు కంటే సగటున నాలుగున్నరేళ్ళు పెద్దవాళ్ళుగా అంచనా వేశారు. పద్నాలుగేళ్ళ వాడు ఒక్క క్షణంలో పద్దెనిమిది దాటిపోతాడు, ఇంక వాడి మీద జాలెవరికి?

మీ అబ్బాయి ఆ అయిదుగురిలో తనని తాను చూసుకుంటున్నాడు, అదే టైమ్‌కి సొంత నాన్న నోటినుంచి "ఏదో చేసే ఉంటారు" అని వింటే, రేపు నా మీద ఎవరైనా ఏదైనా అంటే నాన్న కూడా నమ్మడన్నమాట అనుకుంటాడు, దడ అక్కడే మొదలవుద్ది. కాబట్టి మీవారే వాడి దగ్గర కూర్చుని నువ్వు చెప్పేది నేను ముందు వింటాను అని చెప్పాలి. పోలీసులు ఆపితే పరిగెత్తకుండా, ఎదురు తిరగకుండా "మా పేరెంట్స్ కావాలి, లాయర్ కావాలి" అనమని ఇద్దరూ కలిసి నేర్పండి, ఏం చెయ్యాలో తెలిస్తే భయం సగం దిగుద్ది.

ప్రాజెక్ట్ పని పగలే చేయించండి, పడుకునే గంట ముందు ఫోన్ గది బయట పెట్టించండి, ఈ కేసు మీద ఆన్‌లైన్‌ కామెంట్లు అస్సలు చదవనివ్వద్దు. ఈ వయసులో 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. దడ ఉంది కాబట్టి పీడియాట్రీషియన్‌కి ఒకసారి చూపించి థైరాయిడ్, బ్లడ్ టెస్టులు అవసరమేమో అడగండి, ఎనర్జీ డ్రింకులు తాగుతున్నాడేమో కూడా చూడండి. రెండు వారాల్లో తగ్గకపోయినా, స్కూల్ మానేస్తున్నా స్కూల్ కౌన్సెలర్ ద్వారా థెరపిస్ట్ దగ్గరికెళ్ళండి, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వచ్చినా వెయిట్ చెయ్యకుండా 988కి (అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలకి సాయం చేసే హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి.