బాలిలో మునిగిన ఓడ చూడాలనుంది.. బీపీ, ఆస్తమా ఉన్నా స్కూబా చేయొచ్చా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 43. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలల్లో కుటుంబంతో బాలి వెళ్తున్నాం. అక్కడ తులంబెన్‌లో సముద్రంలో మునిగి ఉన్న అమెరికన్ ఓడను స్కూబా డైవింగ్ చేసి చూడాలని ఎప్పటినుంచో కోరిక. స్కూబాలో ప్రాథమిక శిక్షణ అయిన ఓపెన్ వాటర్ కోర్సు కూడా బుక్ చేశాను. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ వేసుకుంటాను. చిన్నప్పుడు ఆస్తమా ఉండేది, ఇప్పుడు చలికాలంలో అప్పుడప్పుడూ ఇన్‌హేలర్ వాడతాను. ఫ్లైట్ దిగేటప్పుడు చెవులు గట్టిగా పట్టేస్తాయి. మెడికల్ ఫారంలో అన్నింటికీ 'నో' అని టిక్ పెట్టేయమని ఫ్రెండ్ అంటున్నాడు. చివరి డైవ్ మధ్యాహ్నం రెండుకు అయిపోతుంది. ఆ సాయంత్రమే కింతామణి వెళ్లి, తెల్లవారుజామున బాతూర్ కొండెక్కి సూర్యోదయం చూసి, ఆ రాత్రి పదకొండు గంటలకు ఫ్లైట్ ఎక్కాలి. డైవింగ్ తర్వాత విమానం ఎక్కకూడదంటున్నారు. టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకుడు

సలహా: మీరు టెన్షన్ పడుతున్న ఫ్లైట్‌తో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మీరు అసలు లెక్కలోకి తీసుకోని కొండతోనే. ఆ సంగతి చెప్పే ముందు మీ చెవుల గురించి మాట్లాడుకోవాలి.

మీరు చూడాలనుకుంటున్న లిబర్టీ సరుకుల ఓడ. 1942 జనవరి 11న లోంబోక్ దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే, దాన్ని లాక్కొచ్చి తులంబెన్ ఒడ్డుకు చేర్చారు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే పడి ఉండి, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రంలోకి జారింది. ఇప్పుడు దాని పైభాగం సుమారు 5 మీటర్ల లోతులో, అడుగుభాగం 30 మీటర్ల దాకా ఉంది. ఒడ్డు నుంచే ఈదుకుంటూ వెళ్లొచ్చు కాబట్టి 'తేలికైన డైవ్' అని అందరూ చెబుతారు. ఓడ దాకా వెళ్లడం తేలికే. కానీ చెవికి అసలు పరీక్ష మొదటి కొన్ని మీటర్లలోనే మొదలవుతుంది.

విమానం దిగేటప్పుడు క్యాబిన్‌లో గాలి పీడనం మారేది దాదాపు పావు వంతు, అదీ అరగంటలో నెమ్మదిగా. అంత మార్పూ నీళ్లలో రెండున్నర మీటర్లు దిగేసరికే వచ్చేస్తుంది. పది మీటర్లకు పీడనం రెట్టింపవుతుంది. మధ్యచెవిలోకి ముక్కు వెనుక నుంచి గాలి పంపే యూస్టేషియన్ ట్యూబ్ సరిగా తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి లాగేసుకుంటుంది. ముందు నొప్పి వస్తుంది, పట్టించుకోకుండా దిగితే రక్తం కారడం, పొర చిరగడం కూడా జరగొచ్చు. కర్ణభేరి చిరిగితే లోపలికి చల్లటి నీళ్లు వెళ్లి తల గిర్రున తిరుగుతుంది. ఏది పైనో, ఏది కిందో తెలియదు.

అందుకే నొప్పి వచ్చాక చెవులు తెరవాలని చూడొద్దు, తల నీళ్లలో మునగక ముందే మొదలుపెట్టండి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదడం ఒక పద్ధతి, ముక్కు మూసుకుని గుటక వేయడం మరొకటి. ప్రతి అర మీటరుకూ చేయాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. గట్టిగా మాత్రం ఊదొద్దు. లోపలి చెవిలోని సన్నటి పొర తెగితే వినికిడి శాశ్వతంగా పోవచ్చు. జలుబు ఉన్న రోజు డైవ్ వద్దే వద్దు. ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కలు వేసుకుని దిగేవాళ్లున్నారు. నీళ్లలో ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాక చెవి పట్టేస్తుంది. మీ దిబ్బడకు అలర్జీ కారణమైతే, మీ ఇ.ఎన్.టి. డాక్టర్ సూచనతో స్టెరాయిడ్ నాసల్ స్ప్రేను ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు నుంచి క్రమంగా వాడటం మేలు. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోకండి.

ఇక ఆస్తమా. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇదే. నీళ్లలో పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. శ్వాసనాళాలు బిగుసుకుని ఆ గాలి ఎక్కడైనా చిక్కుకుంటే గాలిగదులు పగిలి, బుడగలు రక్తంలో కలిసి మెదడుకు వెళ్లొచ్చు. అందుకు ఎంతో లోతు అక్కర్లేదు, ఒకటి రెండు మీటర్ల నుంచి ఊపిరి బిగబట్టి పైకొచ్చినా చాలు. పైగా సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. మీకేమో చలికే ఆస్తమా కదులుతోంది! బ్రిటన్ వైద్య నియమాల ప్రకారం చలి, వ్యాయామం, ఆందోళన వల్ల పిల్లికూతలు వచ్చేవారు డైవింగ్ చేయకూడదు. మిగతావారైనా రిలీవర్ (వెంటనే ఉపశమనమిచ్చే) ఇన్‌హేలర్ వాడాల్సి వచ్చిన 48 గంటల్లోపు నీళ్లలోకి దిగకూడదు. కాబట్టి పల్మనాలజిస్టును కలిసి స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదుడు పరీక్ష), వ్యాయామం తర్వాత మరోసారి స్పైరోమెట్రీ చేయించుకోండి. ఫలితం బాగాలేకపోతే నీటిపైనే తేలుతూ గొట్టంతో ఊపిరి తీసుకునే స్నార్కెలింగ్‌తో సరిపెట్టుకోండి. ఓడ పైభాగం పైనుంచే కనిపిస్తుంది.

బీపీ అదుపులో ఉంటే టెల్మిసార్టాన్ వేసుకునేవారు సాధారణంగా డైవ్ చేయొచ్చు. మీ వయసుకు ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) చేయించుకోవడం మంచిది. నీళ్లలో మునిగినప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది, బీపీ ఉన్న కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. డైవ్‌లో అకారణంగా ఆయాసం, దగ్గు మొదలైతే వెంటనే గైడ్‌కు సైగ చేసి, నెమ్మదిగా పైకి వచ్చేయండి.

ఫారంలో 'నో' పెట్టేయమన్న మీ ఫ్రెండ్ మీతో పాటు నీళ్లలోకి దిగడు కదా! 'యెస్' పెడితే డాక్టర్ సంతకం అడుగుతారు, అంతే. నిజం దాచితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా తిరస్కరించొచ్చు. మామూలు ట్రావెల్ పాలసీల్లో స్కూబాకు కవరేజీ ఉండకపోవచ్చు, చదివి చూసుకోండి.

ఇప్పుడు కొండ సంగతి. లోతులో ఉన్నంతసేపూ ఒంట్లో నైట్రోజన్ కరుగుతుంది, అది నెమ్మదిగా బయటికి పోవాలి. ఈలోపు ఎత్తుకు వెళ్తే బుడగలు కట్టి డికంప్రెషన్ సిక్‌నెస్ వస్తుంది. వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సలహా. మీకు ముప్పై మూడు గంటలు ఉంది కాబట్టి ఫర్వాలేదు. కానీ 600 మీటర్లు దాటిన ఎత్తులకూ అదే జాగ్రత్త వర్తిస్తుంది. కింతామణి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు, బాతూర్ శిఖరం 1,717 మీటర్లు. విమానం క్యాబిన్‌లో ఉండే పీడనానికి ఇదేం పెద్ద తేడా కాదు. మీరేమో డైవ్ అయిన కొన్ని గంటలకే కారులో అక్కడికి చేరుతున్నారు! ట్రెక్‌ను టూర్ మొదట్లోకి మార్చండి, డైవింగ్‌ను దాని తర్వాత పెట్టుకోండి. తులంబెన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు కొండల్లోకి ఎక్కకుండా అమ్లపుర, చండీదాస ఊళ్ల మీదుగా వచ్చే దారి మేలు.

మిగిలినవి చిన్న జాగ్రత్తలే. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో 18 మీటర్లే పరిమితి, అంతకంటే దిగువ భాగాలకు ఈసారి వెళ్లొద్దు. ఓడ లోపలి ఇరుకు గదుల్లోకి దూరొద్దు. తుప్పుపట్టిన ఇనుము గీసుకుంటుంది, టీటీ వేయించుకుని పదేళ్లు దాటితే బూస్టర్ తీసుకోండి. విషపు ముళ్లుండే లయన్ ఫిష్ చేప ముల్లు గుచ్చుకుంటే ఆ భాగాన్ని భరించగలిగేంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఉంచి, ఆస్పత్రికి వెళ్లాలి. ఒడ్డంతా గుండ్రటి రాళ్లు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. సిలిండర్లు అక్కడి ఆడవాళ్లే తలమీద మోసుకొస్తారు, మీరు మోసి నడుంనొప్పి తెచ్చుకోకండి.

డైవ్ తర్వాత 24 గంటల్లో కీళ్లనొప్పి, ఒంటిపై మచ్చలు, తిమ్మిర్లు, కాలు బరువెక్కడం, మూత్రం రాకపోవడం లాంటివి కనిపిస్తే 'అలసటలే' అని పడుకోవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, నూరు శాతం ఆక్సిజన్ పెట్టించి డెన్‌పసార్‌లో హైపర్‌బారిక్ ఛాంబర్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గది) ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంటికి వచ్చాక చూపించుకుందామని ఫ్లైట్ మాత్రం ఎక్కొద్దు. డైవ్ సెంటర్‌లో ఆక్సిజన్ ఉందో లేదో ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి.