నిమ్మ పాదుల్లో వల పుట్టగొడుగు

ప్రశ్న: వానలు పడ్డాక నిమ్మ పాదుల్లో తెల్లటి వల వేలాడే పుట్టగొడుగులు లేస్తున్నాయి. కుళ్లిన మాంసం కంపు, ఈగలు. చెట్టుకు తెగులా?
ఒక రైతు, పొదలకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: తెగులు కాదండీ. వల ఉందంటే అది ఫాలస్ జాతి. పాదుల్లో వేసిన రంపపు పొట్టు, ఎండుటాకులను కుళ్లబెట్టి బతుకుతుంది, పచ్చి వేళ్ల జోలికి రాదు. బీజాలన్నీ తలమీది ముదురాకుపచ్చ జిగురులోనే ఉంటాయి. కంపుకు వచ్చిన ఈగలు దాన్ని తిని మోసుకెళ్తాయి. ఇలా కంపు కొట్టే పుట్టగొడుగుల కుటుంబం ఉష్ణదేశాల్లోనే ఎక్కువ. కానీ ఇదే కుటుంబంలోని, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు చెందిన ఎర్రచేతుల పుట్టగొడుగు క్లాథ్రస్ ఆర్చెరి 1914 ప్రాంతంలో ఫ్రాన్సులో కనబడి, ఐరోపాలో చాలాచోట్లకు పాకింది. చైనాలో వల రకాన్ని పెంచి వండుకుంటారు. మీ తోటలోది మాత్రం తినకండి.

మందు కొట్టడం దండగ, బూజు దారాలు పొట్టు అడుగున ఉంటాయి. పుట్టగొడుగు ఇంకా విచ్చక మెత్తటి తెల్ల గుడ్డులా ఉన్న దశలోనే, కింది దారంతో సహా తవ్వి తీసి పాతరేయండి. పొట్టు పలచగా, మొదలుకు జానెడు ఎడంగా పరవండి.