ఓక్లహోమా సిటీలో 1,907 అడుగుల టవర్ నిజంగా లేస్తుందా?

ప్రశ్న: నేను ఓక్లహోమాలో ఎంఎస్ చేస్తున్నాను. ఓక్లహోమా సిటీ డౌన్‌టౌన్‌లో లెజెండ్స్ టవర్ పేరుతో అమెరికాలోకెల్లా ఎత్తైన టవర్ కడతామని ఎప్పుడో ప్రకటించారు. బొమ్మలు చూస్తే అదిరిపోయాయి. సైట్‌కి వెళ్తే పార్కింగ్ లాట్ తప్ప ఏమీ కనపడలేదు. అమెరికాలో ఇలా ప్రకటించినవి అసలు కడతారా?

జవాబు: నా లెక్కలో అది ఆ ఎత్తుకి లేవదు. పందెం అంటే ఒక పూట భోజనం దాకా కాస్తాను. అంతకు మించి కాయను. ఈ రంగంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను కాబట్టి నా జోస్యాలు ఎన్నిసార్లు తిరగబడ్డాయో నాకు తెలుసు.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని. 2007 ఆగస్టులో ఎంఎస్ కోసం షికాగోలో దిగాను, ఇక్కడే ఉండిపోయాను. నేను వచ్చేటప్పటికి ఊళ్లో ఎవరి నోట విన్నా షికాగో స్పైర్ మాటే. సరస్సు ఒడ్డున, నది సరస్సు నుంచి మళ్లే చోట, 150 అంతస్తులు, 2,000 అడుగులు. డిజైన్ స్పెయిన్ ఆర్కిటెక్ట్ శాంటియాగో కలట్రావా. ఒక్కో అంతస్తు కింది దానికంటే 2.4 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటుంది. 150 ఎక్కేసరికి సరిగ్గా ఒక చుట్టు. పిండి ఆరేసిన తువ్వాలుని నిలబెట్టినట్టు ఉంటుందన్నమాట. ఆ తిరిగే గోడల్లో స్తంభాలు ఎలా నిలబెడతారని మా క్లాసులో వారం రోజులు కొట్టుకున్నాం.

ఆ అక్టోబర్‌లో నలుగురం కలిసి రైలెక్కి సైట్ చూడ్డానికి వెళ్లాం. లోపలికి రానివ్వరు కాబట్టి కంచె సందుల్లోంచే చూశాం. డ్రిల్లింగ్ రిగ్గులు తిరుగుతున్నాయి. బయటికి తీసిన మట్టి బూడిద కలిసిన నీలం రంగులో, జిగటగా, కుమ్మరి పిసికి పెట్టుకున్న ముద్దలా ఉంది. షికాగో కింద అంతా ఆ బంకమట్టే. దాన్ని దాటి రాయి తగిలేదాకా 120 అడుగుల లోతుకి 34 కేసన్లు, అంటే లావాటి కాంక్రీటు స్తంభాలు, దింపారు. మన దగ్గర పైల్ ఫౌండేషన్ అంటామే, కేసన్ దానికి పెద్దన్న. మాతో వచ్చిన వరంగల్ కుర్రాడొకడు, "ఇంత డబ్బు భూమిలో పోశాక ఎవడూ ఆపడు భాయ్, అయిపోయినట్టే" అన్నాడు. నేనూ ఔనన్నాను. ఇద్దరం ఇంజినీర్లమే.

మరుసటి ఏడాదికల్లా పని ఆగిపోయింది.

2012 ఎండాకాలం మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఒక ఫ్రెండ్ ఇంటికి భోజనానికి వెళ్లాం. వాళ్లది ముప్పయ్యో అంతస్తు. అమ్మ బాల్కనీలో నిలబడి సరస్సు చూసింది, పడవలు చూసింది, తర్వాత కిందికి చూసి, "ఎవరిదిరా ఆ నుయ్యి? నీళ్లు పడలేదా, అలా వదిలేశారు?" అంది. కంపాస్‌తో గీసినట్టు గుండ్రంగా, వందడుగులు దాటిన వెడల్పుతో, 76 అడుగుల లోతు గొయ్యి. అడుగున పచ్చటి నీళ్లు. "డబ్బులు పడలేదమ్మా" అన్నాను. ఆ నవ్వులో భోజనాలు అయిపోయాయి గానీ, అసలు సమాధానం నిజంగా అదే.

స్పైర్ ఆగింది ఇంజినీరింగ్ కుదరక కాదు. రెండో దశలో దాన్ని చేపట్టిన డెవలపర్ ఐర్లండ్ వాడు, అప్పిచ్చిన బ్యాంకూ ఐర్లండ్‌దే. 2008లో లోకమంతా మునిగినప్పుడు ఆ బ్యాంకూ మునిగింది, 2009 జనవరిలో అక్కడి ప్రభుత్వం దాన్ని తీసేసుకుంది. ఫీజు బాకీ ఉందని ఆర్కిటెక్టే ఆ స్థలం మీద కోటి డాలర్లకు పైగా క్లెయిమ్ వేశాడు. పైన పెంట్‌హౌస్‌ని 4 కోట్ల డాలర్లకు బీనీ బేబీస్ బొమ్మల యజమాని తీసుకున్నాడని పేపర్లో చదివిన గుర్తు. ఆకాశంలో పెంట్‌హౌస్ అమ్ముడుపోయింది, నేల మీద గొయ్యి మిగిలింది.

అదే ఊళ్లో, అదే ఏడాది ఇంకోటి. వాకర్ డ్రైవ్‌లో వాటర్‌వ్యూ టవర్ అని 92 అంతస్తులకు ప్లాను, వెయ్యి అడుగులు దాటాలి. 26 అంతస్తుల దగ్గర క్రేన్ ఆగింది. ఆ మొండి కాంక్రీటు వానకి తడుస్తూ, మంచుకి గడ్డకడుతూ ఏళ్ల తరబడి నిలబడింది. రోజూ ఆఫీసుకి దాని కిందినుంచే వెళ్లేవాణ్ణి. తర్వాత వేరే వాళ్లు కొని, పేరు మార్చి, 60 అంతస్తులకు ముగించారు. ఇప్పుడు చూస్తే ఎవరికీ తెలియదు. అందుకే, పునాది పడిందా అని అడిగే అలవాటు నేను మానేశాను.

ఇలాంటి ప్రతిపాదనల మీద నేనూ పనిచేశాను. ఊరు పేరు, డెవలపర్ పేరు చెప్పను. బయటికి బొమ్మ వచ్చేటప్పటికి మా దగ్గర లెక్కలు సగం కూడా అయి ఉండవు. మొదటి మీటింగ్‌లో ఎనభై అంతస్తులన్నారు. పక్క ఊళ్లో ఎవరో ఎక్కువ ప్రకటించారని రెండో మీటింగ్‌కి అది తొంభై ఐదయింది. అక్కణ్ణుంచి మొదలవుతుంది అసలు తంటా, లిఫ్టులతో.

జనం పెరిగితే లిఫ్టులు పెరగాలి. లిఫ్టు పెరిగిన ప్రతిసారీ దాని గొట్టం కింది అంతస్తులన్నిటినీ తొలుచుకుంటూ పోతుంది. పైన పది అంతస్తులు కలుపుదామంటే కింద డెబ్బై అంతస్తుల్లో అద్దెకిచ్చే జాగా తరుగుతుంది. ఆర్కిటెక్ట్ ప్రతి సోమవారం కొత్త డ్రాయింగ్ పంపేవాడు. మధ్యలో లిఫ్టు గొట్టాలుండే నల్లటి కోర్ ప్రతి వారం ఇంకాస్త లావయ్యేది. నీళ్ల పంపులు, ఏసీ యంత్రాల కోసం మధ్యమధ్య ఖాళీ అంతస్తులు వేరే. మీ టవర్ సంగతే చూడండి: 1,907 అడుగులంటే 581 మీటర్లు. మామూలు ఉక్కు తాడుతో ఒకే లిఫ్టు 500 మీటర్ల దాకా పోతుంది, ఆపైన తాడు తన బరువు మోయడానికే సరిపోతుంది. అందుకని మధ్యలో దిగి వేరే లిఫ్టు ఎక్కాలి, లేదా ఖరీదైన కార్బన్ తాడు వాడాలి. ఇక్కడి సియర్స్ టవర్‌లో (పేరు మార్చి చాలా ఏళ్లయినా ఈ ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా ఆ పేరే అంటారు) 33, 66 అంతస్తుల దగ్గర స్కై లాబీలు, అంటే లిఫ్టు మారే అంతస్తులు, పెట్టింది తాడు కోసం కాదు, లిఫ్టు గొట్టాలు తినే జాగా తగ్గించడానికి.

మా ప్రాజెక్టు ఎలా పోయిందంటే, ఒక శుక్రవారం సాయంత్రం రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది. "పని నిలిపివేయండి, చివరి బిల్లు పంపండి." ఆ బిల్లు డబ్బులు రావడానికి ఏడాది పట్టింది. ఆ బొమ్మ మాత్రం ఇప్పటికీ నెట్‌లో తిరుగుతోంది, "త్వరలో" అని.

మీ ఊళ్లో అందరూ అడిగేది టోర్నడో గురించి అయ్యుంటుంది. దానికి నేను పెద్దగా భయపడను, పడిపోకుండా కట్టడం మాకు తెలుసు. ఇబ్బంది మామూలు గాలితోనే. గాలి బిల్డింగ్‌ని దాటేటప్పుడు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క సుడి కడుతుంది. ఆ లయ బిల్డింగ్ ఊగే లయతో కలిసిందా, ఉయ్యాలని తోసినట్టే. మేము కొన్నాళ్లు నలభై నాలుగో అంతస్తులో అద్దెకున్నాం. నవంబర్‌లో ఒక రాత్రి ఏదో కిర్రుమంటుంటే లేచాను. డైనింగ్ టేబుల్ పైన వేలాడే లైటు నెమ్మదిగా ఊగుతోంది. బాత్రూమ్‌లో కమోడ్‌లో నీళ్లు పళ్లెంలో పాలలా అటూ ఇటూ తొణుకుతున్నాయి. అది ఊగాలనే డిజైన్ చేస్తాం, ఎత్తులో ఐదువందలో వంతు దాకా ఫర్వాలేదనేది మా మోటు లెక్క. ఆ లెక్కన 1,907 అడుగులకి పైన నాలుగడుగుల దగ్గర దగ్గర. ఇవన్నీ చెప్పి మా ఆవిడని పడుకోబెట్టాను గానీ, నాకూ తెల్లారేదాకా నిద్ర లేదు.

ఆ ఊగుడు తగ్గించడానికి ఎంత జాగా వదులుకుంటారో చూడండి. ఇక్కడి సెయింట్ రీజిస్ 1,198 అడుగులు, 2020లో పూర్తయింది. గాలి అటునుంచి ఇటు దూసుకుపోయేలా 83వ అంతస్తుని ఖాళీగా వదిలేశారు. పైన నీళ్ల ట్యాంకులు కూడా పెట్టారు, నీళ్లు ఎదురు ఊగి బిల్డింగ్‌ని ఆపుతాయి. అమ్ముకోగల అంతస్తుని గాలికి రాసిచ్చారంటే ఆ నేల ధర ఎంతో ఊహించుకోండి.

నేల ధర అన్నాను కదా, మొత్తం కథ అక్కడే ఉంది. న్యూయార్క్ మన్‌హాటన్‌లో కడుతున్నారంటే నమ్ముతాను. అక్కడ ఒక్కో స్థలానికి ఇంత వైశాల్యమే కట్టాలని పరిమితి ఉంటుంది. పక్కనున్న పాత చర్చో థియేటరో వాడుకోని వాటాని, అంటే దాని నెత్తి మీది ఖాళీ ఆకాశాన్ని, కొనుక్కుని మన ప్లాట్ మీద పేర్చుకోవచ్చు. ఎయిర్ రైట్స్ అంటారు. హైదరాబాద్‌లో 2006 నుంచి అలాంటి వైశాల్యం పరిమితే (ఎఫ్‌ఎస్‌ఐ అంటారు) లేదు కాబట్టి ఈ బేరం మనవాళ్లకి వింతగా ఉంటుంది. అలా పోగేసిన ఆకాశంతోనే 57వ వీధిలో 111 వెస్ట్ లేచింది: 1,428 అడుగుల ఎత్తు, అడ్డం అరవై అడుగులు. అగరొత్తి నిలబెట్టినట్టు ఉంటుంది.

ఇంకా గట్టిగా నమ్మేది సొంతానికి కట్టుకునేవాళ్లని. జేపీ మోర్గాన్ తన హెడ్డాఫీసు కోసం పార్క్ అవెన్యూలో 52 అంతస్తుల పాత బిల్డింగ్ కూల్చి, అదే చోట 1,388 అడుగులది లేపి 2025లో దిగిపోయింది. కట్టేదీ వాళ్లే, ఉండేదీ వాళ్లే. మన ఆస్టిన్ వాళ్లు రోజూ చూసే వాటర్‌లైన్ వెయ్యి అడుగులు దాటి, 1982 నుంచి టెక్సాస్‌లో ఎత్తైనదిగా ఉన్న హ్యూస్టన్ టవర్‌ని వెనక్కి నెట్టింది. ఆఫీసు, హోటల్, అపార్ట్‌మెంట్లు అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టారు, ఒకటి దెబ్బతిన్నా ఇంకోటి మోస్తుందని. మయామీలో వాల్డార్ఫ్ అస్టోరియాది మరో లెక్క: 1,049 అడుగులు. విమానాశ్రయం ఉంది కాబట్టి ఎఫ్‌ఏఏ, అంటే ఇక్కడి విమానయాన శాఖ, ఒప్పుకున్న ఎత్తు అది. మీరు గమనిస్తే ఈ చివరి రెండూ సూపర్‌టాల్ గీత అయిన 984 అడుగులకి, అంటే 300 మీటర్లకి, కాస్త పైన ఉన్నవే. గీత దాటడానికి ఎంత కావాలో అంతే ఎక్కుతారు.

ఇక మీ లెజెండ్స్ టవర్. ఓక్లహోమా రాష్ట్రం అయిన ఏడాది 1907, అందుకే 1,907 అడుగులు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 1,776 కూడా స్వాతంత్ర్యం ఏడాదే, అందులో చివరి నాలుగొందల అడుగులు సూదే. మనకి ముహూర్తాల పిచ్చి ఉందని అంటారు గానీ, వీళ్ల పిచ్చి అడుగుల్లో కొలుస్తారు. నాకు అనుమానం మొదలైంది ఆ అంకె దగ్గరే. మొదట 1,750 అన్నారు, తర్వాత కొన్ని వారాలకే 1,907 చేశారు. ఖర్చులు పక్కాగా వేసుకున్నవాడు కొన్ని వారాల్లోనే 157 అడుగులు కలపలేడు. 2024 జూన్‌లో సిటీ కౌన్సిల్ ఎత్తు పరిమితి తీసేసింది కదా అని మీరనొచ్చు. అనుమతి ఇవ్వడానికి కౌన్సిల్‌కి పైసా ఖర్చు లేదు. ఆ ఊళ్లో ఇప్పుడున్న పెద్దది డెవాన్ టవర్, 844 అడుగులు. దాని చుట్టూ పక్కకి విస్తరించడానికి కావలసినంత నేల ఉంది, మీరు చూసిన పార్కింగ్ లాట్లే సాక్ష్యం. నేల చవకైన చోట పైకి వెళ్లాలంటే అప్పిచ్చేవాడికి వేరే కారణం చూపించాలి.

అలాగని మొత్తం ఉత్తదే అనను. ఆ ప్లానులో పెద్ద టవర్‌తో పాటు 345 అడుగులవి మూడున్నాయి, ముందు అవే కడతామన్నారు. అవి జరగడానికి అవకాశం ఉంది. దేశమంతా పేరు మోగింది కూడా పెద్ద టవర్ బొమ్మ వల్లే కాబట్టి, ఆ బొమ్మ చేయాల్సిన పని చేసేసిందని నా అనుమానం.

మా నుయ్యి ఏమైందో చెప్పలేదు. 2014లో వేరే కంపెనీ చేతికి వచ్చింది. పదేళ్లు మెలికలు తిరిగి, 2024లో 400 లేక్ షోర్ పేరుతో పని మొదలైంది. రెండు టవర్లు, మొదటిది 72 అంతస్తులు, 858 అడుగులు. పాత ప్లానులో సగానికన్నా తక్కువ, మెలికలూ లేవు. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే "మరీ పొడుగేం కాదే" అంది.

ఎప్పుడైనా అటు వెళ్తే పెద్ద టవర్ సంగతి వదిలేసి, ఆ చిన్నవాటి దగ్గర రిగ్గు దిగిందేమో చూసి ఇక్కడ కామెంట్‌లో రాయండి. పెద్దదే లేచి, నిజంగా 1,907 తాకిందనుకోండి, విమానం టికెట్ నాదే, ఓక్లహోమా వచ్చి మీకు భోజనం పెట్టిస్తాను. బిర్యానీ ఎక్కడ బాగుంటుందో మీరే చెప్పాలి.