సీటు రాలేదని కుంగిపోకు చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడ్చాక నాకూ నిద్ర పట్టలేదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో బాబుని స్కూల్లో వేయడానికి జనవరి 15 లోపే కౌన్సిల్‌కి, అంటే సీట్లు కేటాయించే స్థానిక పాలక సంస్థకి, ఫారం పంపావు, ఇంటి పక్క స్కూలునే మొదట రాశావు, ఏప్రిల్ 16న తెల్లారకముందే లేచి మెయిల్ చూసుకున్నావు. తీరా చూస్తే మూడో పేరుగా రాసిన స్కూలు వచ్చింది. బాధ ఉంటుంది, కాదనను. కానీ ఆ బాధలో ఇచ్చిన స్కూలును మాత్రం వద్దనకు.

వద్దంటే కౌన్సిల్ వాళ్లకి మన పట్టుదల తెలిసొస్తుందని అల్లుడు అన్నాడట. అలా ఏమీ జరగదమ్మా. ఆ సీటు ఇంకో పిల్లకి వెళ్లిపోతుంది, సెప్టెంబరు నాటికి మన బాబుకి ఏ స్కూలూ మిగలకపోవచ్చు. సరేనన్నంత మాత్రాన కోరుకున్న స్కూలు వెయిటింగ్ లిస్టులో వెనక్కి పోవు, సీటు ఇవ్వలేదని అప్పీల్ చేసుకునే హక్కూ పోదు. మెయిల్లో ఇచ్చిన గడువు చూసి ఈ రోజే సరేనని పంపెయ్.

వెయిటింగ్ లిస్టులో పేరు కొన్ని కౌన్సిళ్లు వాటంతటవే చేరుస్తాయి, కొన్నిచోట్ల మనమే అడగాలి. మీ దగ్గర ఎలాగో ఫోన్ చేసి కనుక్కో. ఆ లిస్టు తిరుమల క్యూ లాంటిది కాదు, ముందొచ్చినవాళ్లు ముందుండరు. కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలు, అదే స్కూల్లో అన్నో అక్కో చదువుతున్నవాళ్లు, ఇల్లు దగ్గరున్నవాళ్లు, ఇలా ఆ స్కూలు రూల్స్ ప్రకారమే వరస పెడతారు. కొత్త పేరు చేరిన ప్రతిసారీ మళ్లీ సర్దుతారు. ఈ వారం నువ్వు మూడో నంబరులో ఉండి, వచ్చే వారం స్కూలు పక్క వీధిలోకి ఎవరైనా దిగితే నాలుగుకి పోతావు. అది చూసి టెన్షన్ పడకు. కనీసం డిసెంబరు 31 దాకా ఆ లిస్టు ఉంచి తీరాలి. ఇళ్లు మారేవాళ్లు, ప్రైవేటుకి వెళ్లేవాళ్లు వేసవిలోనే తేలుతారు, కొందరైతే స్కూళ్లు తెరిచాక గానీ తేలరు. నా అనుభవంలో సీటు ఎక్కువగా ఇటువైపు నుంచే వస్తుంది, అప్పీల్ నుంచి కాదు.

అప్పీల్ సంగతి నిదానంగా చదువు. రిసెప్షన్ (మొదటి తరగతికి ముందుండే తరగతి), మొదటి తరగతి, రెండో తరగతి గదుల్లో ఒక టీచరుకి 30 మంది పిల్లలు దాటకూడదని 1998లో చట్టం చేశారు. ఆ స్కూలు రిసెప్షన్లో 30 గానీ 60 గానీ సీట్లుండి అవన్నీ నిండాయంటే, అప్పీల్ వినే ప్యానెల్ వాళ్లకి మనమీద ఎంత జాలి ఉన్నా చేతులు కట్టేసినట్టే. మీ కష్టం కంటే ముందు వాళ్లు చూసేది, ఇంకో పిల్లాడిని తీసుకుంటే 30 దాటుతుందా, రూల్స్ చట్టప్రకారం ఉన్నాయా, వాటిని సరిగ్గా అమలు చేశారా, సీటు ఇవ్వకపోవడం బొత్తిగా అన్యాయమైన నిర్ణయమా అన్నదే. మూడో తరగతి నుంచి పైకైతే వేరు, అక్కడ పిల్లాడి అవసరాన్నీ స్కూలు ఇబ్బందినీ పక్కపక్కన పెట్టి తూస్తారు.

ఇది తెలియకే 2008లో మా అబ్బాయి సీటు కోసం చేసిన అప్పీల్‌లో నేను ఓడిపోయాను. నాకు నైట్ డ్యూటీలు, మీ పెదనాన్న వేరే ఊళ్లో పని, పొద్దున రెండు బస్సులు మారాలని నాలుగు పేజీలు రాసుకెళ్లాను. బల్లకి అటువైపు ముగ్గురు, మధ్యలో నీళ్ల జగ్గు. అంతా విని, పెద్దావిడ నెమ్మదిగా అడిగింది: "కౌన్సిల్ కొలిచిన దూరంలో తప్పేమైనా ఉందాండీ?" నేనెప్పుడూ చూడనే లేదు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే చెప్తున్నాను, నువ్వు వెతకాల్సింది తప్పు. మీరు నవంబరులో ఇల్లు మారారు కదా, దూరం కొత్త అడ్రసు నుంచే కొలిచారా? నేరుగా గీత గీసి కొలుస్తామన్నారా, నడిచే దారినా? చివరి సీటు ఎంత దూరంలో ఉన్న పిల్లాడికి వచ్చిందో రాతపూర్వకంగా అడుగు. వాళ్ల అంకె మీ దూరం కంటే ఎక్కువుంటే అదే నీ కేసు. చర్చి స్కూలైతే అదనపు ఫారం అందిందో లేదో కూడా చూడు. సిఫారసు ఉత్తరాల కోసం ఎవరి చుట్టూ తిరగకు, ఇక్కడ అవి చెల్లవు.

అప్పీల్‌కి ఫీజు లేదు. గడువు తేదీ లేఖలోనే ఉంటుంది, సీటు ఇవ్వలేదని చెప్పాక కనీసం 20 స్కూలు రోజులు ఇవ్వాలి. కాగితాలన్నీ ముందే పంపు, ఆ రోజు చేతిలో పట్టుకెళ్తే తీసుకోకపోవచ్చు. తోడు మనిషిని తీసుకెళ్లొచ్చు, నేనొస్తాను.

నా సంగతి మిగిలింది. అక్టోబరులో మేం కోరుకున్న స్కూలు నుంచే ఫోనొచ్చింది, సీటు ఖాళీ అయిందని. అప్పటికి మీ తమ్ముడు కౌన్సిల్ ఇచ్చిన స్కూలుకి వెళ్తున్నాడు. అక్కడ కోటు తగిలించుకునే కొక్కెం మీద ప్రతి పిల్లకీ ఒక బొమ్మ, వాడిది తాబేలు. మారుద్దామంటే ఆ తాబేలుని వదిలి రానని ఏడ్చాడు. మేమిద్దరం రెండు రాత్రులు ఆలోచించి, వద్దని చెప్పాం. ఆ స్కూల్లోనే ఆఖరిదాకా చదివాడు, రెండు బస్సులూ అలవాటయ్యాయి. నువ్వూ అలాగే చేయమని కాదు, ఆ ఫోన్ వచ్చేనాటికి బాబు ఎలా ఉన్నాడో చూసి మీరిద్దరూ తేల్చుకోండి. ఈ లోపు ఇచ్చిన స్కూలుకి ఫోన్ చేసి, బాబుని తీసుకెళ్లి ఒక్కసారి గదులు చూసి రండి. గేటు బయటి నుంచి చూసి వచ్చేయకండి.

సీటు లేదని వచ్చిన లేఖ, కౌన్సిల్ అడ్మిషన్ రూల్స్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఆదివారం సాయంత్రం కూర్చుని దూరం లెక్క చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ