మాటల మూలాలు: తగులుకున్న తాలూకా

ప్రశ్న: మాస్టారూ, మా వీధిలో ఒక బైకు వెనక 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని రాసి ఉంది. తాలూకా అంటే మండలాలు రాకముందు ఉండే ఊళ్ల గుంపు కదా, మనిషి తాలూకా ఎలా అవుతాడు? మా అబ్బాయి అడిగితే తప్పు రాశారని చెప్పేశాను. సరేనా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తప్పు కాదమ్మా. అబ్బాయికి మళ్లీ చెప్పండి, ఆ బైకు మీద ఉన్నదే మొదటి అర్థం. ఊళ్ల గుంపు అన్నది తర్వాత వచ్చింది. 2024 ఎన్నికలప్పుడు పుట్టిన ఆ స్టిక్కరు చూసి చాలామంది నవ్వుకున్నారు గానీ, నాకు మాత్రం భలే సంతోషమేసింది.

అరబ్బీలో మాటలు ఎక్కువగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. తాలూకా కూడా అరబ్బీ మాటే, దాని ధాతువు ఐన్, లామ్, ఖాఫ్ అనే మూడు అక్షరాలు. తెలుగులో 'తగులు' ఎన్ని పనులు చేస్తుందో అరబ్బీలో ఇది అన్ని పనులు చేస్తుంది. 'అలిఖ' అంటే తగులుకున్నాడు. 'అల్లఖ' అంటే తగిలించాడు, వేలాడదీశాడు. చెరువులో దిగితే కాలికి పట్టుకునే జలగ 'అలఖ్'. ఖురాన్‌లో 96వ సూరా, అంటే అధ్యాయం, పేరు కూడా అదే. మనిషిని 'అలఖ్' నుంచి సృష్టించాడని అందులో రెండో వాక్యం. గర్భంలో అంటుకుని ఉండే నెత్తురు గడ్డ అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఇస్లాంకు ముందు కాలపు అరబ్బీ కావ్యాల్లో గొప్పవాటిని 'ముఅల్లఖాత్' అంటారు, అంటే వేలాడదీసినవి. కాబా గోడకు తగిలించారని ఒక కథ. పండితులు చాలామంది నమ్మరు.

ఇదే ధాతువును ఇంకో మూసలో పోస్తే 'తఅల్లుఖ్' అవుతుంది. తకల్లుఫ్ (మొహమాటం), తసవ్వుఫ్ (సూఫీ మార్గం) కూడా అదే మూస. తఅల్లుఖ్ అంటే తగులుకుని ఉండటం, అంటే సంబంధం. పాతబస్తీలో ఈ మాట రోజూ వినబడుతుంది. చివరి ఖాఫ్‌ను అక్కడ 'ఖ' అనే పలుకుతారు, అది దక్కనీ అలవాటు. తెలుగు నోటికి ఐన్ తిరగదు కాబట్టి అది జారిపోయి, ఖాఫ్ 'క' అయిపోయి, తాలూకు మిగిలింది. 'పెళ్లికొడుకు తాలూకు వాళ్లు', 'ఆ కేసు తాలూకు కాగితాలు' అంటాం కదా, అది అచ్చంగా అరబ్బీ అర్థమే. ఎమ్మెల్యే గారి తాలూకా అంటే ఎమ్మెల్యే గారి మనిషి.

మరి ఊళ్లు ఎలా వచ్చాయి? ఫలానా కచేరికి, ఫలానా అధికారికి సంబంధించిన ఊళ్లు గనక ఆ ఊళ్లే తాలూకా అయ్యాయి. హైదరాబాద్ రాజ్యంలో సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేసి జిల్లాలు ఏర్పరిచినప్పుడు జిల్లా అధికారికి 'అవ్వల్ తాలూక్‌దార్' అని పేరు. ఇప్పటి కలెక్టరన్నమాట. అంతకుముందు ఇక్కడే తాలూక్‌దార్ అంటే శిస్తు వసూలు గుత్తకు తీసుకున్నవాడు. అటు అవధ్‌లో అదే మాటకు పెద్ద జమీందారు అని అర్థం.

మా నాన్నగారు ఉర్దూలో చదువుకుని పట్వారీగిరీ చేశారు. ఆయన ట్రంకుపెట్టెలో దొరికిన పహాణీ నకలు ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. పైన మూడు గడులు: మౌజా, తాలూకా, జిల్లా. సిరా గోధుమరంగుకు తిరిగినా చక్కగా చదవొచ్చు. ఆ మూడూ అరబ్బీ నుంచి వచ్చినవే. మౌజా అంటే ఊరు, అసలు అర్థం పెట్టిన చోటు. జిల్లాకు మూలమైన 'జిల్అ' అంటే పక్కటెముక, ప్రక్క. తాలూకా సంగతి మీకిప్పుడు తెలుసు. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. కర్ణాటకలో, మహారాష్ట్రలో ఇంకా తాలూకాలే. అన్నట్టు 'ఇది మా ఇలాకా' అని సినిమాల్లో రౌడీలు అంటుంటారే, ఆ ఇలాకా కూడా ఈ ధాతువుదే.

ప్రశ్న: సార్, తలాక్, తాలూకా ఒకే ధాతువు నుంచి వచ్చాయా? రెండింట్లోనూ త, ల, క ఉన్నాయి. డిక్షనరీలో 'త' కింద వెతికితే తఅల్లుఖ్ దొరకలేదు. – ఒక విద్యార్థి, టోలీచౌకి

జవాబు: కాదు బాబూ. తలాఖ్‌లో 'త' వేరే అక్షరం, ఉర్దూలో తోయె అంటారు. అది ధాతువులోదే. తఅల్లుఖ్‌లో 'త' మూస కోసం ముందు చేరింది, ధాతువుతో పనిలేదు. అందుకే అరబ్బీ నిఘంటువులో ఐన్ కింద వెతకాలి. 'లిసానుల్ అరబ్' లాంటి పాత నిఘంటువైతే ధాతువు చివరి అక్షరం ప్రకారం ఉంటుంది, అక్కడ ఖాఫ్ భాగం తీయాలి. టెన్షన్ పడకు, కొన్నాళ్లకు చేతికి అలవాటవుతుంది.

అర్థాలు చూస్తే రెండూ ఎదురెదురు. తోయె, లామ్, ఖాఫ్ అంటే విడిచిపెట్టడం. కాళ్లకు కట్టు లేని ఆడ ఒంటె 'తాలిఖ్', విడాకులైన స్త్రీ కూడా 'తాలిఖ్'. ఏ షరతూ లేనిది 'ముత్లఖ్'. ఒక ధాతువు తగిలిస్తే ఇంకోటి విప్పేస్తుంది. ఈ రెండూ పక్కపక్కన గుర్తొచ్చే చోటు ఖురాన్ 4వ సూరా 129వ వాక్యం. ఒకరికంటే ఎక్కువ భార్యలున్న వాణ్ణి అది హెచ్చరిస్తుంది: ఒకరి వైపే పూర్తిగా ఒరిగిపోయి ఇంకొకరిని 'ముఅల్లఖ'గా, అంటే వేలాడుతూ, వదిలేయకు అని. కాపురమూ లేదు, తలాఖూ లేదు. అలా నడిమధ్య ఉండిపోయిన ఆడవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు, మా బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్ల పరిస్థితికి ఇంత సూటైన మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ప్రశ్న: అమ్మాయి పెళ్లికార్డులు వేయించడానికి ఛత్తా బజార్ వెళ్తే నస్తాలీఖ్‌లోనా, నస్ఖ్‌లోనా అని అడిగారు. ఏది మంచిది? – ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: రెండూ అరబ్బీ లిపిని రాసే పద్ధతులే. ఉర్దూకు నస్తాలీఖ్, పైన వేసే అరబ్బీ వాక్యానికి నస్ఖ్ చెప్పండి. నస్ఖ్‌లో అక్షరాలు గీత మీద సమంగా కూర్చుంటాయి. 'తాలీఖ్' అంటే వేలాడదీయడం. పైన మనం చెప్పుకున్న ధాతువే. నస్ఖ్, తాలీఖ్ కలిస్తే నస్తాలీఖ్. అందులో మాట కుడివైపు పైన మొదలై ఎడమకు దిగుతూ చివరి అక్షరంతో గీతకు చేరుతుంది. 1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటర్‌కు ఎక్కేదాకా ఉర్దూ పత్రికలు చాలావరకు కాతిబులు, అంటే రాతగాళ్లు, చేత్తో రాస్తేనే అచ్చయ్యేవి. మీ కార్డు కంప్యూటర్‌లోనే చేస్తారు కాబట్టి ప్రూఫు చేతికి రాగానే చుక్కలు చూసుకోండి. వియ్యాలవారి పేరులో ఒక్క నుఖ్తా జారినా ఇంకో పేరై కూర్చుంటుంది.